అమ్మ కోసం వంచిన పైపులు

మొన్న మా వంటింట్లో పైపు కారుతుంటే ప్లంబరుని పిలిచేను. అతను పాత ముక్క కోసేసి, మూలమలుపు దగ్గర ఒక ఎల్బో పెట్టి, జిగురు రాసి, పావుగంటలో పని ముగించుకుని వెళ్ళిపోయేడు. ఏ వంపు కావాలంటే ఆ ముక్క కొట్లో దొరుకుతున్న ఈ రోజుల్లో పైపుని నిప్పు మీద కాచి వంచే అవసరం ఎవరికుంటుంది గాని, ఒకప్పుడు ఆ పని నేను చేసేను, మా అమ్మ కోసం చేసేను.

అమలాపురంలో గుమాస్తాగా ఉండే రోజుల్లో, డెబ్బై దాటిన అమ్మ దొడ్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసిన డాక్టరుగారు, ఆరు వారాల్లో నడిపించకపోతే ఇక మంచమేనండీ అని చెప్పేరు. పట్టుకుని నడిచే ఇనప స్టాండొకటి అద్దెకి తెచ్చేను గాని, అమ్మ బొత్తిగా పొట్టిమనిషి, అది ఆవిడ గుండెల దాకా వచ్చేది, ఎత్తి ముందుకి పెట్టే సత్తువా ఆవిడకి లేదు.

మస్కట్‌లో పైపుల పని చేసొచ్చిన మా బావగారు అది చూసి, బోరు వేయించగా పెరట్లో మిగిలిపోయిన ప్లాస్టిక్ పైపులతో ఆవిడ ఎత్తుకి తగ్గట్టు మనమే చేద్దామన్నారు. పైపులో ఎండు ఇసక కూరి, రెండు కొసలా గుడ్డలు బిగించి, కొబ్బరి డొక్కల నిప్పుల మీద తిప్పుతూ కాస్తే మెత్తబడుతుంది, అప్పుడు గుండిగ చుట్టూ వంచి తడిగుడ్డ చుట్టాలి. మొదటిది మాడి కంపు కొట్టింది, రెండోది వంపు దగ్గర నొక్కుకుపోయింది, మూడో ఆదివారానికి గాని చెయ్యి తిరగలేదు. చివరికి తయారైన ఆ తెల్లటి స్టాండు పట్టుకుని అమ్మ తనంతట తను వంటింటి దాకా నడిచి, కూర గిన్నె మీద మూత తీసి, ఉప్పు తగ్గిందే అని కోడలితో అన్నప్పుడు, మా ఆవిడకి కోపం రాకపోగా కళ్ళనీళ్ళు తిరిగేయి.

అలా ఇరవై రోజులు నడిచింది. రోహిణీ కార్తెలో ఒక పొద్దున్న నేనా స్టాండు కడిగి, రేకుల మీద ఆరబెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయేను. మధ్యాహ్నం అమ్మ లేస్తానంటే మా ఆవిడ దాన్ని తెచ్చి ఇచ్చింది. నిప్పుతో వంచిన పైపు ఎండకి మళ్ళీ మెత్తబడుతుందని మాకెవరికీ తెలియదు. అమ్మ బరువు మోపేసరికి స్టాండు ముందుకాళ్ళు రెండూ విచ్చుకుపోయి, ఆవిడ కింద పడిపోయిందట.

నేను వచ్చేసరికి అమ్మని మంచం మీద పడుకోబెట్టేరు. నేల మీదున్న స్టాండుని నేను చూడటం ఆవిడ చూసింది.

“నాకే కళ్ళు తిరిగేయిరా. దాని తప్పేం లేదు.”

అదే తుంటి మళ్ళీ విరిగింది, ఈ వయసులో ఇంకో ఆపరేషనంటే గుండె తట్టుకోదండీ అన్నారు డాక్టరుగారు. అమ్మ పోయేదాకా పదకొండు నెలలూ మంచం మీదే ఉంది. చూడటానికొచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆ కళ్ళు తిరిగిన మాటే చెప్పేది. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి. ఎండలోంచి తెచ్చిచ్చింది తనేనని మా ఆవిడ ఇప్పటికీ బాధపడుతుంది, ఎండలో పెట్టింది నేనని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

ఇప్పుడు అమలాపురంలో ఏ మందుల షాపు చూసినా గుమ్మంలోనే నడిచే స్టాండ్లు వరసగా వేలాడుతుంటాయి, చిటికెనవేలుతో ఎత్తగలిగేంత తేలిక, మనిషి ఎత్తుని బట్టి కాళ్ళు పొడుగూ పొట్టీ చేసుకోవచ్చునట. నాకింకా వాటి అవసరం రాలేదు. అయినా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆగి, అన్నిటికన్నా పొట్టిది ఎంత ఎత్తుందో చూస్తాను.