మరోసారి పిల్ల

ఎవరైనా ఏ పనైనా ఒక్కసారి చేస్తే ఆ పిల్లకి చాలదు. మరోసారి చెయ్యాల్సిందే. తలుపు తీసినా సరే, తుమ్మినా సరే, కాలు జారి మెట్ల మీద కూలబడినా సరే, "అబ్బ, ఎంత బాగా పడ్డారండీ! ఏదీ, మరోసారి!" అంటుంది. అందుకే ఆ భవనంలో అందరూ ఆమె అసలు పేరు మర్చిపోయి 'మరోసారి పిల్ల' అనడం మొదలుపెట్టారు.

ఆమె ఉద్యోగం వీడియో గేముల్లో బొమ్మల్ని కదిలించడం. ఎవరో బొమ్మని తయారు చేసి పంపుతారు. దానికి నడక, పరుగు, నిట్టూర్పు నేర్పేది ఈ పిల్ల. ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. ఇల్లంటే ఆమెది కాదు, పిన్నిది. ఉన్న గదుల్లో వెలుతురు బాగా వచ్చే గదిని బాబాయి ఆమెకి ధారపోసేశాడు.

"ఇంత చదువూ చదివి బొమ్మలాటలేమిటండీ?" అని పిన్ని మొదట్లో బాబాయిని నిలదీసింది.

"అది బొమ్మల్ని ఆడిస్తుంటే జీతం ఇస్తున్నారు. ఇన్నేళ్ళుగా నువ్వు నన్ను ఆడిస్తున్నావు, నీకెవరైనా ఇచ్చారా?" అన్నాడు బాబాయి.

ఆ గదిలోకి వెళ్ళాలంటే ఏరు దాటినట్టు బట్టలు ఎత్తిపట్టుకుని దాటాలి. నేలంతా వైర్లే. బల్ల మీద రెండు తెరలు, గీసే పలక, దాని కలం, రకరకాల గేమ్ ప్యాడ్లు, మధ్యలో ఒక అద్దం. పిన్ని మిక్సీ పెట్టుకుందామంటే ప్లగ్గు ఖాళీ దొరకదు. అన్నింటికీ ఏదో ఒకటి తగిలించి ఉంటుంది. ఒకసారి పిన్ని తొంగి చూస్తే ఆ పిల్ల అద్దంలోకి చూస్తూ పళ్ళు పటపటా నూరుతోంది.

"ఎవరి మీదే అంత కోపం?"

"నాక్కాదు పిన్నీ, రాక్షసుడికి. పాపం, వాడికి పళ్ళు నూరడం రావట్లేదు."

ఇంకోసారి కళ్ళకి గేము లోకం కనిపించే పెద్ద గాగుల్స్ తగిలించుకుని, తడుముకుంటూ వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ ముందు మోకరిల్లింది.

"లేవే తల్లీ, అందులో నిన్నటి కూర తప్ప వరాలేమీ లేవు."

"కదలకు పిన్నీ! నీ వెనక డ్రాగన్ ఉంది."

"ఉండనీ. గిన్నెలు అది కడుగుతుందా, నువ్వు కడుగుతావా, కనుక్కుని చెప్పు."

ఇంటికి వచ్చేపోయేవాళ్ళ తల ప్రాణం తోకకొచ్చేది. పైవాటా ఆవిడ గట్టిగా తుమ్మి దొరికిపోయింది. "రాని తుమ్ము ఎక్కణ్ణుంచి తేనమ్మా?" అని ఆవిడ మొత్తుకున్నా వదలలేదు. కొరియరతను బరువైన పెట్టె దించుతూ "హుమ్మ్" అని నడుం పట్టుకున్నాడు. "అన్నా, ఆ హుమ్మ్ మరోసారి!" అంది. పాపం అతను పెట్టె ఎత్తుకుని కిందికి దిగి, మళ్ళీ పైకెక్కి, మళ్ళీ హుమ్మన్నాడు. కొన్నాళ్ళకి ఒక గేములో మూటలు మోసే ఎలుగుబంటి అచ్చం అలాగే నడుం పట్టుకుంది. అతను ఫోను పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగాడు. "చూడండమ్మా, ఈ ఎలుగుబంటిని నేనే!" కన్నపిల్లకి బహుమతి వచ్చినా అంత పొంగిపోడు.

కానీ ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని మనిషి బాబాయి ఒక్కడే. గోదాములో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి తాళాలన్నీ ఆయన చేతి మీద ఉండేవి కనక ఆయనకో అలవాటు పడిపోయింది. ఇంటికి తాళం వేసి నాలుగు మెట్లు దిగుతాడు. ఆగుతాడు. జేబు తడుముకుంటాడు. వెనక్కొచ్చి తాళాన్ని రెండుసార్లు లాగి, బుద్ధిగా ఉండమన్నట్టు దాన్ని వేలితో ఒకసారి తట్టి, అప్పుడు దిగుతాడు.

పిన్ని కింద సంచీ పట్టుకుని కేకలేసేది. "ఏమండీ, ఆ తాళానికేమన్నా కాళ్ళొస్తాయా? దిగండి!"

మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చున్న పిల్ల, "బాబాయ్, మరోసారి!" అనేది.

"ఈసారి భుజం ఇలా ఉంచనా?"

"నటించకు బాబాయ్. మామూలుగా చెయ్యి."

"మామూలుగా చెయ్యడం ఇంత కష్టమా!" అంటూ ఆయన మళ్ళీ పైకెక్కేవాడు. అలా ఒకరోజు సినిమా సగం అయిపోయాక హాల్లో అడుగుపెట్టారు. అందులో ఎవడు ఎవణ్ణి ఎందుకు చంపాడో పిన్నికి ఇప్పటికీ తెలియదు. చిత్రం ఏమిటంటే, ఇంత కష్టపడి తీసిన వీడియోలన్నీ ఆ వారమే ఫోనుతో సహా ఇల్లు తుడిచే బక్కెట్లో పడి పోయాయి. "పోనీలేవే, మళ్ళీ చేస్తాలే" అన్నాడు బాబాయి.

మళ్ళీ చెయ్యలేదు. కొద్ది నెలలకే, ఒంట్లో బాగాలేదని కూడా చెప్పకుండా, నిద్రలోనే దాటిపోయాడు.

పిన్నికి మాటలు తగ్గిపోయాయి. ఇప్పుడు ఆ తలుపు తాళం ఒక్కసారే పడుతుంది. ఎవరూ వెనక్కి రారు. నాలుగో మెట్టు దగ్గర ఆమె కాళ్ళే వాటంతట అవి నెమ్మదిస్తాయి. ఒకనాడు మెట్ల మీద కనిపించిన పైవాటా ఆవిడతో అంది: "మొహం గోడ మీద ఫోటోలో ఉంది, వదినా. నడకే ఎక్కడా లేదు. తలుచుకుంటే మొదట్లో కళ్ళకి కట్టినట్టు కనబడేది. ఇప్పుడు జారిపోతోంది. భుజం ముందు తిప్పేవారో, తల ముందు తిప్పేవారో కూడా గుర్తు రావట్లేదు."

ఆ పిల్ల మాత్రం గది తలుపు వేసుకుని కూర్చుంది. రోజంతా లోపల్నుంచి టకటకమని ఒకటే చప్పుడు. ఓర్చుకుని ఓర్చుకుని పిన్ని ఒకరోజు అనేసింది: "ఇంట్లో మనిషి పోయాడు. నీకు ఆటలెలా సాగుతున్నాయే?"

"పని ఉంది పిన్నీ" అంది పిల్ల.

అన్నిటికన్నా వింత, ఆమె 'మరోసారి' అనడం మానేసింది. భవనంలో అందరికీ చెయ్యి విరిగినట్టయింది. కొరియరతను పెట్టె దించి, కావాలనే గట్టిగా హుమ్మని, ఆశగా ఆమె మొహంలోకి చూశాడు. ఆమె సంతకం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. "అమ్మాయి ఒంట్లో కులాసాయేనా?" అని అతను పిన్నిని అడిగాడు.

ఒక ఉదయం పిన్ని కాఫీ పట్టుకెళ్ళేసరికి గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పిల్ల తన టీమ్ లీడరుతో వాదిస్తోంది. తెర మీద ఓ మూల ఆయన మొహం కనిపిస్తోంది.

"ఆ కాపలాదారుని సరిచెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

"అందులో తప్పేం లేదు సర్."

"కోట తలుపుకి తాళం వేస్తాడు, నాలుగు మెట్లు దిగుతాడు, మళ్ళీ వెనక్కొస్తాడు. ఆడి చూసినవాళ్ళందరూ బొమ్మ ఇరుక్కుపోయిందనే అంటున్నారు. సాయంత్రంలోగా ఆ వెనక్కి రావడం తీసెయ్."

"తీసేస్తే అది ఉత్త బొమ్మ సర్."

పిన్ని చూపు పెద్ద తెర మీద పడింది. బూడిదరంగు బొమ్మ. బట్టల్లేవు, జుట్టు లేదు, మొహం ఉండాల్సిన చోట కోడిగుడ్డంత నున్నటి తల. అది మెట్లు దిగింది. ఆగింది. ఎడంచెయ్యి జేబు లేని నడుమును తడిమింది. ముందు భుజం తిరిగింది, ఆ తర్వాతే తల. వెనక్కొచ్చి, తాళం రెండుసార్లు లాగి, వేలితో ఒకసారి తట్టింది.

పిన్ని కాఫీ గ్లాసు గుమ్మం పక్కనే కింద పెట్టేసింది. ఉత్త బూడిదరంగు బొమ్మలోకి ఊపిరి ఎలా వచ్చింది? ఒంట్లో ఎముకన్నది లేనిదానికి ఆ మోకాలి బరువు ఎవరిచ్చారు? ఇన్నేళ్ళు ఆ వీపుని చూసి కేకలేసిన మనిషి ఆమె. మొహం అక్కర్లేకుండానే గుర్తుపట్టింది.

గబగబా వైర్లన్నీ దాటి వచ్చి తెర ముందు నిలబడింది.

"నమస్కారం బాబూ."

"నమస్తే అండీ. మీరు?"

"దీని పిన్నిని. ఆ బొమ్మ భార్యని."

టీమ్ లీడరు మొహం కదలడం మానేసింది. నెట్ పోయిందేమో అనుకుంది పిల్ల.

"ఆయన ఇరుక్కుపోలేదు బాబూ. ఆయన పద్ధతే అంత. ముప్ఫై ఏళ్ళు మొత్తుకుని నేనే మాన్పించలేకపోయాను, సాయంత్రంలోగా మీవల్లేమవుతుంది?"

ఆయన తల గోక్కున్నాడు. "నిజమేనండీ. గ్యాస్ కట్టేశానా లేదా అని నేనూ సగం దారిలోంచి వెనక్కొస్తుంటాను. కానీ ఆడేవాళ్ళకి అది అలవాటని తెలియాలి కదా?"

"ఎలా తెలుస్తుంది? కింద నిలబడి తిట్టే మనిషిని పెట్టలేదు మీరు. ఆవిడ లేకపోతే ఎవరికైనా పిచ్చివాడిలాగే కనిపిస్తాడు."

ఆయన పకపకా నవ్వాడు. "పెట్టెయ్యమ్మా, ఆ తిట్టే ఆవిణ్ణి పెట్టెయ్. వెనక్కి రావడం ఉండనీ."

తెర ఆరిపోయాక పిన్ని మంచం మీద కూలబడింది. "ఫోను బక్కెట్లో పడిపోయింది కదే? ఇదంతా ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"అన్నిసార్లు చేయించానుగా పిన్నీ, కంఠతా వచ్చేసింది. తాళం బదులు ఈ బీరువా పిడి లాగి లాగి చూసుకుంటూ చేశాను. నువ్వు మెట్ల మీద పైవాటా ఆంటీతో అన్నావు కదా, జారిపోతోందని. పూర్తయ్యాక చూపిద్దామనుకున్నా."

ఆ టకటక చప్పుడు ఆటది కాదు, బీరువాది. పిన్ని లేచి పిల్ల తల నిమిరి, పిడి ఊడిపోయి వేలాడుతున్న బీరువా వంక చూసింది. ఆమె చేత ఏమీ అనిపించకుండా ఊడిన పిడి ఆ ఇంట్లో అదొక్కటే.

తిట్టే ఆవిడ గొంతు కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. పిన్ని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, మైకు ముందు కూర్చోబెట్టింది పిల్ల.

"ఆ తాళానికి కాళ్ళొస్తాయా, దిగండి," అంది పిన్ని, పుస్తకం చదివినట్టు.

"కోపం చాల్లేదు. మరోసారి!"

ఎన్ని నెలలకో విన్న మాట. "ఎదురుగా లేని మనిషిని ఎలా తిట్టనే?"

పిల్ల తెరని ఆమె వైపు తిప్పింది. బొమ్మ తాళం వేసి, నాలుగు మెట్లు దిగి, ఆగి, జేబు తడుముకుంది.

"ఏమండీ! ఆ తాళానికేమన్నా కాళ్ళొస్తాయా? దిగండి!"

ఆ కేకకి పైవాటా ఆవిడ అట్లకాడతో సహా మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఎవరొచ్చారు?"

"ఎవరూ లేరు ఆంటీ, బాబాయిని తిడుతోందంతే," అంది పిల్ల. "అద్భుతం పిన్నీ! సరిగ్గా ఇదే కావాలి. ఇక చాలు, తీసెయ్."

పిన్ని హెడ్‌ఫోన్లు తియ్యలేదు. తెర మీద ఆయన వెనక్కొచ్చి, తాళం రెండుసార్లు లాగి, వేలితో తట్టి, ఇక నిశ్చింతగా మెట్లన్నీ దిగి ఆమె దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఏదీ," అంది పిన్ని కళ్ళు తిప్పకుండా, "మరోసారి."