అమ్మ ఆగమంటే ఆగే నక్షత్రాలు

మా అమ్మకు పక్షవాతం వచ్చి తగ్గాక కుడిచెయ్యి మునుపటిలా మాట వినలేదు. వేళ్ళు కదిలేవి కానీ ఆలస్యంగా కదిలేవి. గ్లాసు పట్టుకోమంటే పట్టుకునేవి, వదలమంటే కాసేపు ఆలోచించేవి. సూళ్లూరుపేట బజారులో సగం మంది ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టిన చెయ్యి అది. ఇక కత్తెర పట్టలేనని తెలిసిన రోజు అమ్మ ఏడవలేదు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి, "సరే, ఇంకేం పని ఉండాదో చెప్పు" అని నన్నడిగింది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వేళ్ళకు ఏదో ఒక పని పెట్టమంది. పిండి పిసకడం, రబ్బరు బంతి నొక్కడం, తీగ మీద క్లిప్పులు పెట్టి తీయడం. అమ్మకు అన్నీ వారంలోపే విసుగొచ్చాయి. నాకు స్టేషన్ రోడ్డులో చిన్న కంప్యూటర్ షాపు ఉంది. జిరాక్సులు, ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు నా పని. షాపులో పక్కన పెట్టేసిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చి, మౌస్ అమ్మ కుడిచేతి కింద పెట్టాను. పేకముక్కల ఆట చూపిస్తే రెండు రోజులు ఆడి, "చేతికి పని పెట్టినావు, బుర్రకి పెట్టలేదు" అంది. అప్పుడు నేను తీరిక దొరికినప్పుడు ఆడుకునే అంతరిక్షం ఆటను ఆమె కంప్యూటర్‌లో ఎక్కించాను.

ఆ ఆటలో మనకు మొదట ఒక్క గ్రహమే ఉంటుంది. ఓడలు కట్టి పక్క నక్షత్రాలకు పంపాలి. అక్కడ మనుషుల్ని దించాలి. వాళ్ళకు తిండీ ఇంధనమూ చేరేలా సరుకు ఓడలకు దారులు వెయ్యాలి. చుట్టుపక్కల వేరే జాతులుంటాయి. కొందరితో బేరం, కొందరితో యుద్ధం. అన్నిటికన్నా అమ్మకు నచ్చింది స్పేస్ బార్. దాన్ని నొక్కితే కాలం ఆగిపోతుంది. ఓడలన్నీ ఎక్కడివక్కడ నిలబడతాయి. అలా ఆగి ఉండగానే ఒక్కోదాన్నీ ఎంచుకుని ఎక్కడికి పోవాలో, ఏం చెయ్యాలో చెప్పుకోవచ్చు. మళ్ళీ నొక్కితే అన్నీ ఒక్కసారిగా బయల్దేరతాయి.

మధ్యాహ్నం నమాజు అయ్యాక అమ్మ కంప్యూటర్ ముందు కూర్చునేది. ఎడమ అరచేత్తో స్పేస్ బార్ మీద ఒక్కటి వేసి ఆపేది. గుడ్డ కత్తిరించే ముందు ఎలా చూసేదో, తెరనంతా అలా చూసేది. తర్వాత కుడిచేత్తో మౌస్‌ను నెమ్మదిగా జరుపుతూ ఒక్కో ఓడకు పని చెప్పేది. చెయ్యి జారితే జారనిచ్చేది. కాలం ఆగి ఉంది కాబట్టి ఎన్నిసార్లు జారినా నష్టం లేదు. అన్నీ అయ్యాక "బిస్మిల్లా" అని మళ్ళీ అరచెయ్యి వేసేది. ఇంగ్లీషు మాటలు మొదట్లో నన్నడిగేది, తర్వాత బొమ్మను బట్టి గుర్తుపట్టేది. గ్రహాలకు పేర్లు కూడా పెట్టుకుంది. ఒకటి ఉప్పుమడి, ఒకటి రొయ్యలగుంట. దారులన్నీ కలిసే నక్షత్రానికి గూడూరు అని పెట్టింది, అక్కడ రైళ్ళన్నీ కలుస్తాయి కాబట్టి.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఎండుచేపల వ్యాపారం చేస్తాడు. పులికాట్ వైపు ఊళ్ళకు పోయి వచ్చేటప్పుడు మా ఇంట్లో టీ తాగి పోతాడు. ఒకసారి ఆమె వెనక నిలబడి తెర చూసి నవ్వాడు.

"ఏందక్కా ఇది? పిల్లకాయల ఆట. మనవళ్ళని ఎత్తుకునే వయసులో నీకిదేంది?"

"నువ్వు టీ కొట్టు దగ్గర కూచోని క్రికెట్ చూస్తా ఉంటావే, అది ముసలోళ్ళ ఆటా? పక్కకి జరుగు, వెలుతురు అడ్డం వస్తా ఉండావు" అంది అమ్మ, తల తిప్పకుండానే.

రెండేళ్ళు అలా సాగింది. ఆమె రాజ్యం తెరలో సగానికి పైగా విస్తరించింది. చేతి సంగతి డాక్టరు ఏమన్నాడో నాకంత గుర్తులేదు గాని, ఆమె మళ్ళీ చెంచాతో అన్నం తినడం, తలుపు గడియ తీయడం నాకు గుర్తుంది.

తర్వాత అప్‌డేట్ వచ్చింది. ఎవరినీ అడగకుండా తనంతట తనే దిగే రకం అది. నేను షాపులో ఎవరిదో పరీక్ష దరఖాస్తు నింపుతుంటే అమ్మ ఫోన్ చేసింది.

"నా ఆట ఏం చేసినావు?"

"నేనేం చెయ్యలేదమ్మా."

"అయితే దొంగలు పడినారు. రా."

షాపు పక్కతనికి చెప్పి ఇంటికి పోయాను. తెర అంతా కొత్త రంగులు. ఆమె సేవ్ చేసుకున్న ఆట మీద నొక్కితే, ఇది పాత రకం, ఇక తెరుచుకోదు అని రెండు ముక్కలు వస్తున్నాయి. ఉప్పుమడీ లేదు, గూడూరూ లేదు. సరే, కొత్తగా మొదలుపెడదామన్నాను. మొదలుపెట్టింది. శత్రువుల ఓడలు కనబడగానే అలవాటుగా స్పేస్ బార్ మీద అరచెయ్యి వేసింది. ఏమీ ఆగలేదు. మళ్ళీ వేసింది. ఓడలు వస్తూనే ఉన్నాయి. ఆమె చెయ్యి మౌస్‌ను ఒక ఓడ దగ్గరకు చేర్చేలోగా ఆ ఓడ అక్కడ లేదు. సరుకు ఓడల దారులు తీసేశారు, అవి వాటంతటవే తిరుగుతున్నాయి. పైగా ఒక సలహాదారు అనే బొమ్మ మూలన నిలబడి, ఆమె ఆలోచిస్తుండగానే ఆమె బదులు నిర్ణయాలు తీసుకుంటోంది. ఒక గ్రహాన్ని పొరుగు జాతికి ఇచ్చేసి, శాంతి కుదిరిందని శుభాకాంక్షలు చెప్పింది.

"నా ఊరు నన్నడక్కుండా ఇచ్చేసేదానికి వాడెవడు?" అంది అమ్మ. సాయంత్రానికి ఓడిపోయింది. నెలల తరబడి ఓటమి తెలియని మనిషి.

నా షాపులో నాకు రోజూ ఇదే పని. దరఖాస్తు చేసే సైట్లు మారుతూనే ఉంటాయి. నిన్న ఉన్న బటన్ ఇవాళ ఉండదు. నేను తిట్టుకుంటాను, వెతుక్కుంటాను, నేర్చుకుంటాను. కాబట్టి అమ్మకూ అదే చెప్పాను, కొన్నాళ్ళు ఆడితే అలవాటవుతుందని.

"ఎందుకు అలవాటవ్వాల?" అంది. "జాకెట్ బిగుతుగా కుట్టి, కొన్నాళ్ళు వేసుకో, అలవాటవుతుందని నేనెవరికైనా చెప్పినానా? ఇప్పి మళ్ళీ కుట్టలా?"

ఆ ఆట ఆడేవాళ్ళు మాట్లాడుకునే ఫోరం తెరిచి చూశాను. అక్కడ మంట మండుతోంది. ఎక్కడెక్కడి మనుషులో ఇదే మాట. ఒక నర్సు రాసింది, పాపను ఒళ్ళో పెట్టుకుని ఆడతాను, పాప ఏడిస్తే ఆపి లేస్తాను, ఇప్పుడు లేచి వచ్చేసరికి రాజ్యమే ఉండట్లేదని. ఇంకొకాయన సరుకు దారుల కోసమే ఈ ఆట ఆడేవాణ్ణని రాశాడు. తయారుచేసిన కంపెనీ వాళ్ళు పైన ఒక జవాబు పెట్టారు. ఆట వేగంగా, ఉత్కంఠగా ఉండాలన్నది మా ఆలోచన, కొన్ని వారాలు ఆడండి, అలవాటవుతుందని. నేను అమ్మకు చెప్పిన మాటే. వాళ్ళ నోటి నుంచి వింటే నాకు ఒళ్ళు మండింది. దాని కింద కొందరు కుర్రాళ్ళు వెక్కిరింతలు. ఆడటం చేతకానివాళ్ళు ఏడుస్తున్నారు, పోయి పేకాట ఆడుకోమని.

అవన్నీ అమ్మకు చదివి వినిపించాను.

"మనం కూడా రాద్దాం" అంది.

నేను కూర్చుని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మా అమ్మకు పక్షవాతం వచ్చింది, కుడిచెయ్యి సరిగా పనిచెయ్యదు, ఆట ఆపే వీలు లేకపోతే ఆమె ఆడలేదు, దయచేసి ఆలోచించండి. రాసింది తెలుగులో చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"కొట్టెయ్."

"ఎందుకమ్మా? ఇది చదివితే ఎవరైనా కరుగుతారు."

"కరిగేదానికా మనం రాసేది? నా చెయ్యి సంగతి వాళ్ళకెందుకు? జబ్బు మనిషి, పాపం అని వాళ్ళు ఇస్తే నాకొద్దు. నా చెయ్యి బాగుండినా నేను ఆపే ఆడతా. ఆలోచించి ఆడే ఆట అని అమ్మినారు, మనం కొన్నాం, ఆడినాం. ఇప్పుడు నన్నడక్కుండా లోపల సామాను మార్చినారు. ఆ మాట రాయి. నా మాట నువ్వు మర్యాద చేసి రాయొద్దు. తెలుగులో పెట్టు. కింద నీ ఇంగ్లీషు పెట్టుకో."

చెబుతూ పోయింది, నేను టైప్ చేశాను. చివర్లో ఈ మాటలు చెప్పింది. "మాది శ్రీహరికోట పక్కన. రాకెట్ పోతే మా ఇంటి కిటికీలు అదురుతాయి. నిజం రాకెట్‌కే ఏదన్నా తేడా వస్తే లెక్కపెట్టడం ఆపి, చూసుకోని, మళ్ళీ మొదలుపెడతారు. ఆపినందుకు వాళ్ళని చేతకానోళ్ళని ఎవరూ అనరు. మీ బొమ్మ రాకెట్ ఆపితే మీకేం పోయింది?"

మరుసటి రోజు షాపులో టీ తాగుతూ ఫోరం తెరిచి, గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ చివరి మాటల్ని పదిమంది పది భాషల్లోకి మార్చి పెట్టారు. నర్సు దాన్ని తన పేరు కింద శాశ్వతంగా పెట్టుకుంది. వెక్కిరించిన కుర్రాడొకడు, ఎవరీ ముసలావిడ అని అడిగాడు. సాయంత్రం అమ్మకు చెబితే, "ముసలిదాన్నని వాడికెట్ట తెలిసింది?" అని ఎగాదిగా చూసింది. నేను చెప్పలేదని ఒట్టేశాను.

అయితే కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. అమ్మ వదల్లేదు. రోజూ మధ్యాహ్నం ఆట ఆడే వేళకు నన్ను ఇంటికి పిలిచి, ఫోరం తెరిపించి, కొత్తగా ఎవరేం రాశారో చదివించుకునేది, జవాబు చెప్పేది. వేగం కావాలన్నవాళ్ళతో ఆమెకు పేచీ లేదు. "నీకు పరిగెత్తాలని ఉంటే పరిగెత్తు నాయనా, నా కాళ్ళకి తాడు కట్టి ఈడ్చొద్దు" అని ఒకతనికి రాయించింది. మామ వచ్చినప్పుడు ఈ గొడవంతా విని, ఇంత చిన్నదానికి ఇంత రచ్చా అన్నాడు.

"చిన్నదని వాళ్ళు కూడా అనుకున్నారు" అంది అమ్మ.

ఆ మధ్యలో ఆమె చెయ్యి కాస్త బిగుసుకుపోయింది. ఆడటం మానేసింది కదా. వేరే ఆటలు చూపిస్తానన్నాను, ఒప్పుకోలేదు. రబ్బరు బంతి మళ్ళీ తీసి నొక్కుతూ కూర్చునేది, ముఖం మాత్రం కంప్యూటర్ వైపు పెట్టుకుని. నాకు భయం వేసింది. కొన్ని పోరాటాలకు మనిషి తన ఒంట్లోంచి చెల్లించుకోవాలి, అది ఆమె తెలిసే చెల్లిస్తోందని అర్థమయ్యాక నేను మళ్ళీ వేరే ఆట మాట ఎత్తలేదు.

వానలు పట్టేముందు కంపెనీ ఒక ప్రకటన పెట్టింది. ఒంటరిగా ఆడేవాళ్ళకు ఆపే బటన్ మళ్ళీ ఇస్తున్నాం, సలహాదారు వద్దనుకుంటే తీసేసుకోవచ్చు, సరుకు దారులు మాత్రం కొత్త పద్ధతిలోనే ఉంటాయి. పాత ఆటే కావాలనుకునేవాళ్ళు దాన్ని విడిగా దించుకోవచ్చు, కానీ దానికి ఇక మరమ్మతులు ఉండవు. పైన పెద్ద అక్షరాలతో, మీరు అడిగారు, మేము విన్నాం అని రాశారు.

నేను షాపు నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ పోయి చదివి వినిపించాను. అమ్మ సంతోషంతో చేతులెత్తుతుందని అనుకున్నాను.

"మనం అడగలేదు. అడుక్కున్నట్టు రాసుకున్నారే! పోట్లాడినాం. ఆ ముక్క కింద రాయి."

రాశాను. నర్సు దాని కింద చప్పట్లు పెట్టింది.

కొత్తదాంట్లో ఆపే బటన్ వచ్చింది కదా, ఒకసారి చూడమన్నాను. చూసింది. ఒక మధ్యాహ్నమంతా ఆడి సలహాదారును తీసేసి గెలిచింది కూడా. గెలిచి, మౌస్ పక్కన పెట్టి, "దారులు నేను వెయ్యని రాజ్యం నాదెట్ట అవుతుంది? పాతదే పెట్టు" అంది. పాతది దించి, తనంతట తను మారకుండా కట్టడి చేసి, ఇంటర్నెట్ తీగ పీకేసి పెట్టాను. ఆమె సేవ్ చేసుకున్నది తెరుచుకుంది. ఓడలన్నీ ఆమె ఆపిన చోటే నిలబడి ఉన్నాయి. అమ్మ అరచెయ్యి వెయ్యలేదు. చాలాసేపు అలా చూస్తూ, ఏ ఓడ ఎక్కడికి పోవాలో ఒక్కోటి గుర్తు తెచ్చుకుంది.

పాత ఆటలో ఒక చోట లోపం ఉంది. ఒకానొక నక్షత్రం దాటితే ఆట మూతపడిపోతుంది. కంపెనీ బాగుచెయ్యనని ముందే చెప్పింది. ఫోరంలో సరుకు దారుల గురించి రాసిన ఆయనా, ఇంకొందరూ కూర్చుని దాన్ని బాగుచేసి అందరికీ పంచారు. అలా పాత ఆట ఇప్పుడు ఆడేవాళ్ళ చేతిలో పడింది. అది తెలిసినప్పటి నుంచి అమ్మకు కొత్త హుషారు వచ్చింది. సరుకు ఓడలు ఇంకొంచెం పెద్దవి కావాలట. రాయమంటే రాశాను. అలా చేస్తే ఆట మరీ తేలికైపోతుంది, మార్చం అని వాళ్ళు జవాబిచ్చారు.

"నీకు మార్పు ఇష్టం లేదు కదమ్మా?" అన్నాను నవ్వుతూ.

"మార్పంటే నాకేం కోపం? అడక్కుండా మారిస్తే కోపం. నేను అడిగే మారుస్తా ఉండా కదా" అంది. "కుదరదన్నారా? సరే, రేపు ఇంకో మాట రాద్దాం. ఓడ ఎందుకు పెద్దది కావాలో నేను చెప్తా, నువ్వు షాపు తొందరగా కట్టేసి రా."

ఆ వాదన ఇంకా తెగలేదు. వాళ్ళు ఒప్పుకునేలా లేరు, ఆమె వదిలేలా లేదు.