పట్టీ కింద మిగిలిన ఎరుపు

జగ్గారావు నిలకడగా ఒకచోట కూర్చునే మనిషి కాదని రైల్వే వర్క్‌షాపు పెయింట్ షాపులో అందరికీ తెలుసు. టీ కూడా నడుస్తూనే తాగుతాడు. కానీ 1968 వేసవిలో ఆ నెలరోజులూ చూడాలి అతని అవస్థ! కాలుకాలిన పిల్లి నయం. గార్డు ఎక్కే బ్రేకుపెట్టె మీద ‘ఆడవాళ్ళకు మాత్రమే’ అని మూడు భాషల్లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పారేశాడు. ఫోర్‌మన్ తిడదామని వచ్చి, నవ్వు ఆపుకోలేక వెళ్ళిపోయాడు.

దీనికంతటికీ కారణం కలకత్తా నుంచి వచ్చిన దీదీ, ఆవిడ చేతిలోని వేలెడంత కత్తి.

రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ చివరి సందులో రేకుల షెడ్డు కింద నూకాలమ్మ పలక ఉంది. రాతి విగ్రహం కాదు. పనికిరాదని కండెమ్ చేసిన బోగీ టేకు చెక్క మీద గణపతిరావు మేస్త్రీ గీసిన బొమ్మ. పాలకొండ దగ్గర్నుంచి పదహారేళ్ళప్పుడు వచ్చిపడ్డ జగ్గారావుకి కుంచె పట్టడం నేర్పిందీ, ఇంత కూడు పెట్టిందీ ఆ మేస్త్రీయే. ఏటేటా పండగ ముందు పాత రంగు మీద కొత్త రంగు పూయడం అక్కడి ఆనవాయితీ. మేస్త్రీ 1955లో విషజ్వరంతో పోయాక ఆ పని శిష్యుడికి వచ్చింది.

మొదటి ఏడే కొంప ముంచాడు. పలక మీద రంగు బుడగలు లేచి ఉంది. వర్క్‌షాపులో బోగీ మీద బుడగలు కనిపిస్తే ఏం చేస్తారు? మంట చిమ్మే బ్లో ల్యాంపుతో కాల్చి, చెక్క తేలేదాకా గోకుతారు. పదేళ్ళుగా చేతికి అదే పని. ఆ చెయ్యి అమ్మవారనీ చూడలేదు, గురువనీ చూడలేదు. తల ఎత్తేసరికి నుదురూ కళ్ళూ చెంపలూ అన్నీ కాళ్ళ దగ్గర పొట్టై పడున్నాయి. తలుపు గడియ వేసుకుని, జ్ఞాపకం ఉన్నంతవరకూ మళ్ళీ గీశాడు.

“అడుగున మేస్త్రీ బొమ్మ అలాగే ఉంది సిన్నమ్మా. నాను పైపైన దిద్దినానంతే” అని మేస్త్రీ భార్య జోగమ్మతో చెప్పాడు.

అంతే, పదమూడేళ్ళుగా ఆవిడ ప్రతి మంగళవారం వచ్చి అమ్మవారి చెంప మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడుతుంది. మొగుడి ఫొటో ఒక్కటి కూడా లేదు పాపం.

దీదీది మ్యూజియం వాళ్ళ పని. పాత బొమ్మల నుంచి బియ్యపుగింజంత రంగుపెచ్చు తీసి, జిగురుముద్దలో బిగించి, అరగదీసి, పొరలు చూస్తుంది. నంబరు వేసి, పుస్తకంలో గీసినవాడి పేరు రాసి, పెచ్చుని పెట్టెలో భద్రం చేస్తుంది. రేపు ఆ బొమ్మలు బాగుచేసేవాళ్ళకి అవే ఆధారమట.

“అమ్మోరి ఒంటిమీద కత్తెడతారేటి?” అని జగ్గారావు అరిచి గోల చేశాడు.

“నువ్వుండ్రా! అడుగున ఆయన రంగు తేల్తాదంట, నాకు సూడాలనుంది” అంది జోగమ్మ. ఆవిడ ఒప్పుకున్నాక ఇంకెవరు కాదంటారు? దీదీ కత్తి తీసినప్పుడు జగ్గారావు మొహం తిప్పేసుకున్నాడు.

నెల తిరిగాక దీదీ మైక్రోస్కోపు పెట్టెతో దిగింది. షెడ్డులో బల్ల వేశారు. జోగమ్మ ఒక కన్ను మూసి వంగింది.

“సీరమడతల్లాగున్నాయి” అంది ఆవిడ. “అట్టడుగున ఎరుపుంది. అది ఆయన ఎరుపే! లక్కతో కలిపీవోడు.”

జగ్గారావు తన చెవుల్ని తానే నమ్మలేదు. అప్పుడు చెప్పింది దీదీ, మొహం పాడవకూడదని చట్రం అంచు పట్టీ కొంచెం లేపి దాని కింద తీశానని. మేస్త్రీ ఏటా పట్టీ ఊడదీసి పూసేవాడు; ఆరోజు తను ఊడదీయకుండా గోకాడు కదా, దాని కింద అంగుళం మేర మేస్త్రీ మిగిలిపోయాడన్నమాట. అమ్మయ్య! నెల తర్వాత మొదటిసారి జగ్గారావు కుర్చీలో చేరబడ్డాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. జోగమ్మ దీదీ చెయ్యి పట్టుకుంది. “పైనున్నయ్యన్నీ తీసీ దీదీ. నాను పోయేలోపు ఆయన గీసిన మొహం ఒక్కసారి సూస్తాను.”

చెయ్యవచ్చు, నెమ్మదిగా మందుతో ఒక్కో పొరా తీయవచ్చు అంది దీదీ హిందీలో, సంబరంగా. జోగమ్మ కళ్ళు ఎంతగా మెరిశాయంటే, జగ్గారావు చూడలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

“మొహం నేదు సిన్నమ్మా. నానే గోకీసినాను. సెక్క తేలిందాకా గోకీసినాను.”

ఆవిడ పలక వైపు చూసింది.

“మరయితే ఇన్నేళ్ళూ నాను సెయ్యేసింది?”

“నా రంగుమీదే.”

జోగమ్మ ఏడుస్తుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది. ఆవిడ ఆ గింజంత ఎరుపు కేసి మళ్ళీ ఒకసారి వంగి చూసుకుని, దీదీ పుస్తకం ముందుకు లాగింది.

“గీసినోడి పేరు రాసినావు కదా. సెరిపేసినోడి పేరు రాయడానికి సోటు నేదా?”

ఉందంటూ దీదీ పేజీ కింది ఖాళీ చూపించి, కలం జగ్గారావు చేతిలో పెట్టింది. వేల బోగీల మీద నంబర్లు వేసిన చెయ్యి ఆ ఒక్క వాక్యానికి చెమటలు కక్కింది. తెలుగులోనే రాశాడు. జోగమ్మకి చదువు రాదు, దీదీకి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అక్కడ ఏం రాసినా ఎవరికీ తెలీదు.

“సదువు” అంది జోగమ్మ.

“గణపతిరావు మేస్త్రీ గీసిన అమ్మవారిని గోకేసి, పదమూడేళ్ళు ఆయన భార్యకి అబద్ధం చెప్పినవాడు, శిష్యుడు జగ్గారావు.”

“మళ్ళీ సదువు” అంది.