బర్రె, విమానం, ఖాళీగా మిగిలిన మూడో గడి

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన రెండేళ్లకు నేను ఎం.ఫిల్.లో చేరాను. ఆ మోతకు మా ఊరి బర్రెల పాలు తగ్గాయన్నది నేను ఎంచుకున్న అంశం. "దీని మీద ఇదివరకు ఎవరైనా రాశారా? సోమవారానికి నాలుగు వ్యాసాలు చూపించు, లేదంటే అంశం మార్చుకో," అన్నారు గైడ్ సార్. మార్చుకోవడమా! నాకు పంతం పుట్టింది.

యూనివర్సిటీ లైబ్రరీ కంప్యూటర్లో నా ప్రశ్నంతా ఇంగ్లీషులో ఒక్క వాక్యంగా కొట్టాను. ఏమీ రాలేదు. ఉత్త 'పాలు' అని కొడితే వేలకు వేలు వచ్చిపడ్డాయి, అన్నీ పాలపొడి గొడవే. శుక్రవారం మధ్యాహ్నానికి ఏడుపొక్కటే తక్కువ.

లైబ్రేరియన్ మేడమ్ నా అవస్థ చూసి తెల్లకాగితం మీద మూడు గడులు గీశారు. "వాక్యం కొట్టకూడదమ్మా. ప్రశ్నను ముక్కలు చెయ్యి. ఒక్కో ముక్కను వేరేవాళ్లు ఏమేమని పిలుస్తారో దాని గడిలో రాయి. గడిలో ఏ ఒక్క మాట దొరికినా చాలు, కానీ మూడు గడులూ కలవాలి."

మొదటి గడిలో విమానం, మోత, చప్పుడు రాశాం. రెండో దాంట్లో బర్రె, ఆవు, పాడి పశువు. మూడో గడి దగ్గర ఆవిడ పెన్ను ఆగింది.

"పాలకు ఏమైంది?"

"తగ్గినయి మేడమ్."

"ఎవరు చెప్పారు?"

ఎవరిని అడిగాను గనక!

శనివారం పొద్దున్నే పాలు పిండుతున్న అమ్మ పక్కన కూర్చుని అడిగాను.

"తగ్గుడేంది బిడ్డా? పొదుగు నిండుగనే ఉంటది. విమానం మీదికెల్లి పోంగనే బెదురుతది, ఇగ సేపదు. పాలు పైకి గుంజుకుంటది. జర నిమిరితె మల్ల ఇడుస్తది."

పాలు ఉండీ విడవకపోవడం! పుట్టినప్పటి నుంచి ఆ పాలే తాగుతున్నాను, ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. మొదటి బస్సుకే లైబ్రరీకి పరుగెత్తి, మూడో గడిలో, సేపడానికి ఇంగ్లీషు మాట మేడమ్‌ని అడిగి, 'మిల్క్ లెట్‌డౌన్' అనీ, బెదురు అనీ చేర్చాను. నాలుగేం ఖర్మ, తొమ్మిది వ్యాసాలు వచ్చాయి. గంతేసినంత పని చేశాను.

సోమవారం సార్ కాగితాలన్నీ తిరగేశారు. "బాగుంది, ఇదే కానివ్వు. ఈ ఆలోచన నీకెక్కడ దొరికింది?"

"లైబ్రరీలో సార్," అన్నాను. అమ్మ చెప్పిందనడానికి నామోషీ అనిపించింది.

సాయంత్రం అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"ఏమన్నడే మీ సారు? పుస్తకాల్ల దొరికిందా?"

"దొరికిందమ్మా. అదే రాయమన్నడు."

అమ్మ మురిసిపోయింది. "ఎంతైన సదువుకున్నోల్లు! మన బర్రె కష్టం గూడ వాల్లకే తెలిసింది."

ఆ పూట ఆమె కాచి ఇచ్చిన పాలు తాగకుండా పక్కన పెట్టేశాను.