సర్జనుగారి బీపీ

మా నాన్న బస్సు కండక్టరు. రిటైరయ్యాక భద్రాచలంలోనే ఉండిపోయారు. ఆ ఏడు గోదావరి మా ఇంట్లోకి వచ్చి పోయింది. నీళ్ళు తీశాక గదుల్లో మిగిలిన ఒండ్రును పారతో ఎత్తిపోస్తూ కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. నేను అప్పుడు ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో ఉన్నాను. కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ ఆయన్ని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించింది. దాని యజమానే సర్జను. ఎముక విరిగితే దమ్మపేట నుంచి కూడా జనం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

పొద్దున ఆపరేషన్ అన్నారు. ముందు రోజు రాత్రి నుంచి నాన్నకు చుక్క నీళ్ళు ఇవ్వనివ్వలేదు. బీపీ బిళ్ళ మాత్రం పొద్దున్నే మింగించారు. సర్జనుకు వేరే కేసులు తగిలాయి. మధ్యాహ్నం అన్నారు, తర్వాత సాయంత్రం అన్నారు. సెలైన్ పెట్టాలని ఎవరికీ తోచలేదు.

"బిడ్డా, నోరు పిడచగట్టుకపోతాంది. ఒక్క గుక్క నీళ్ళు పొయ్యరాదే," అన్నారు నాన్న.

నాలుక చూశాను. అట్టముక్కలా ఉంది. వరండాలో సర్జను ఎదురైతే ఆపి, కాస్త సెలైన్ పెట్టించమని అడిగాను. మత్తు డాక్టర్ ఎప్పుడొస్తారని కూడా అడిగాను.

"ఆయన రావట్లేదు. నడుముకి ఇంజెక్షన్ నేనే ఇచ్చేస్తా. నువ్వింకా స్టూడెంటువి కదమ్మా, అప్పుడే నాకు పాఠాలు చెప్పకు," అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

నాన్నను లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికే నర్సు బయటికి పరుగెత్తింది. బీపీ పెంచే మందు థియేటర్లో లేదట. స్టోరు తాళం ఎవరి దగ్గరుందో ఆమెకు తెలియదు. మందు దొరికి ఆమె లోపలికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

సర్జను మాస్కు తీసుకుంటూ బయటికి వచ్చాడు. "పెద్ద వయసు కదమ్మా. గుండె తట్టుకోలేదు," అన్నాడు. పాపం చాలా కష్టపడ్డారని అమ్మ ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. నాన్న పోయిన దుఃఖం ఏనాటికో మెత్తబడింది. ఆ దండం మాత్రం నాలో అలాగే మండుతూ ఉండిపోయింది.

పీజీలో గైనిక్ తీసుకోమని అందరూ చెప్పారు. నేను మత్తు డాక్టర్ కోర్సులో చేరాను. మా నాన్నను ఏది చంపిందో నాకు అర్థం కావాలి. అర్థమైంది. నడుముకి మత్తు ఇస్తే కాళ్ళలో రక్తనాళాలు వదులై, రక్తం కిందే నిలిచిపోతుంది. పడుచువాళ్ళ ఒళ్ళు దాన్ని సర్దుకుంటుంది. పెద్దవాళ్ళకు అది కష్టం. ఒంట్లో నీరు లేకుండా, బీపీ బిళ్ళ వేసుకుని ఉంటే మరీ కష్టం. ఎవరికి బీపీ పడిపోయే ప్రమాదం ఎక్కువో సూది వేయకముందే చాలావరకు పసిగట్టవచ్చు. నా దగ్గరికి వచ్చిన ప్రతి ముసలి మనిషి నాలుకా చూశాను. చూసిన ప్రతిసారీ ఆ సర్జనును తిట్టుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత, ఖమ్మంలో నేను పనిచేసే ఆస్పత్రికి ఆయన స్ట్రెచర్ మీద వచ్చాడు. ప్రాక్టీసు ఎప్పుడో మానేశాడు. బాత్రూంలో పడ్డాడు. తుంటి విరిగింది. నన్ను గుర్తుపట్టలేదు.

పరీక్ష చేశాను. మూత్రానికి లేవాల్సి వస్తుందని పడ్డప్పటి నుంచి నీళ్ళు తాగడం మానేశాడు. పొద్దున బీపీ బిళ్ళ వేసుకున్నాడు. పొట్ట మీద స్కానింగ్ ప్రోబ్ పెట్టి, గుండెకు రక్తం చేరవేసే పెద్ద సిరను చూశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా, ఒంట్లో నీరు చాలక అది చదునైపోతోంది.

"ఇప్పుడు మత్తు ఇస్తే మీకు బీపీ పడిపోతుంది సార్. ముందు సెలైన్ ఎక్కాలి. ఆపరేషన్ రేపు," అన్నాను.

"నాకా చెప్తున్నావు? నువ్వు పుట్టకముందు నుంచీ ఇస్తున్నా నేను. నొప్పికి చస్తున్నా, త్వరగా కానివ్వు!" అని అరిచాడు.

పక్కనే ఉన్న భార్య, "ఏమనుకోకమ్మా, ఆయనకు మొదట్నుంచీ తొందరెక్కువ," అంది.

ఆ క్షణం నా మనసులో ఏముందో దాచను. ఆయన కోరినట్టే కానిస్తే చాలు. తర్వాత వరండాలోకి వచ్చి, 'పెద్ద వయసు, గుండె తట్టుకోలేదు' అన్న ఆయన మాటలే ఆయన భార్యకు చెప్పవచ్చు. నన్ను ఎవరూ వేలెత్తి చూపరు. కానీ చచ్చిపోతే ఆయనకేం తెలుస్తుంది? ఆయన బతికి ఉండాలి. వినాలి.

నొప్పి తెలియకుండా తొడకు ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టించాను. మర్నాడు స్కానింగ్‌లో సిర నిండుగా కనిపించాకే థియేటర్లోకి తీసుకున్నాను. మత్తు మందు తక్కువ మోతాదులో వేశాను. బీపీ పెంచే మందు సిరంజిలో నింపి చేతిలోనే పట్టుకున్నాను. అంత చేసినా బీపీ కొంత పడుతుందనుకున్నాను. పడింది.

ఆయన ఆవలించాడు. ముఖం పాలిపోయింది. "అమ్మాయ్, కళ్ళు మసకలేస్తున్నాయి. ఏదో అయిపోతోంది నాకు," అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

వెంటనే మందు ఎక్కించాను. అది పనిచేసేలోపు వంగి ఆయన చెవిలో చెప్పాను: "మా నాన్నకు కూడా ఇట్లనే అయ్యుంటది సార్. మీ టేబుల్ మీద. ఆయనకు ఈ మందు దొరకలేదు."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. బీపీ లేచింది. ఆపరేషన్ బాగా జరిగింది.

మర్నాడు వార్డులో ఆయనే అడిగాడు. "ఎవరమ్మా మీ నాన్న?"

చెప్పాను. గుర్తు లేదన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ రౌండ్సుకు వెళ్ళి, ఆయన కట్టు చూసి, నాన్న గురించి ఒక్కొక్కటీ చెప్పాను. ఎండిన నాలుక. బిళ్ళ. రాని డాక్టరు. తాళం వేసిన స్టోరు. ఆయన గోడవైపు తిరిగితే నేను మంచం అటుపక్కకు వెళ్ళి నిలబడ్డాను. నాకు జాలి కలగలేదు.

డిశ్చార్జికి ముందు, "నన్నేం చెయ్యమంటావు?" అని అడిగాడు.

నాతోనే ఉంటున్న అమ్మకు ఇంటికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆయన చేతికిచ్చాను. భార్య ఎదురుగానే మాట్లాడాడు. "అమ్మా, మీ ఆయన వయసు వల్ల పోలేదు. నీళ్ళు లేక ఎండిపోయి ఉన్నాడు. నేను చూసుకోలేదు. తప్పు నాది."

అటువైపు నుంచి అమ్మ, "మరి నాతోని దండమెందుకు పెట్టించుకుంటివి సారూ?" అంది.

జవాబు వినకుండానే అమ్మ ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి ఆమె వంట చేస్తోంది. "నడుస్తుండా ఆయన?" అని అడిగింది.

"అవ్. వాకర్ పట్టుకొని నడుస్తుండు."

"మంచిగైంది. శానా ఏండ్లు బతకాలె. రోజూ యాదికి రావాలె," అని పొయ్యి మీద పప్పు కలిపింది.

నెల తర్వాత ఆయన చెకప్‌కు వచ్చాడు. లిఫ్టు దగ్గర నన్ను చూసి వాకర్ వదిలేసి, తూలుతూనే దండం పెట్టడానికి రెండు చేతులూ ఎత్తబోయాడు. పడిపోతాడని భుజం పట్టి ఆపాను. వాకర్ ఆయన చేతుల్లో పెట్టి, థియేటర్ వైపు వెళ్ళిపోయాను.