పడవకు పడవ

కోటలోని మ్యూజియమంతా రోజూ ఊడ్చి తుడిచే వీరవేణి, తన గది గడప ముందు మాత్రం చీపురు పెట్టదు. అరబ్బు దీవి దేశంలో, ముహర్రక్ పాత సందుల్లో ఆమెది అద్దె గది. పక్క మంచం మల్లికది. మల్లిక జగిత్యాల దగ్గరి మనిషి, సీఫ్‌లో ఒక మాల్లో క్లీనింగ్ డ్యూటీ. ఇప్పుడు గడప ముందు ఊడ్చేది మల్లికే.

వీరవేణిది ఉప్పాడ వైపు చేపల పల్లె. మగవాడు వేటకు వెళ్తే తిరిగొచ్చేదాకా అక్కడి ఆడవాళ్ళు గడప ముందు ఊడవరు. అడుగుల జాడ చెరిగితే మనిషి దారి తప్పుతాడని భయం. ఆమె భర్త బుల్లబ్బాయి ఇక్కడే ఒక అరబ్బు పడవలో పని చేసేవాడు. మకాం పడవ మీదే అయినా వేటకు వెళ్ళే ముందు ఈ గడప దగ్గరికి వచ్చి, అన్నం క్యారేజీ అందుకుని, వెనక్కి చూడకుండా నడిచిపోయేవాడు.

కిందటి చలికాలం ఒకనాటి పొద్దున అలాగే వెళ్ళాడు. వీరవేణి డ్యూటీ బస్సెక్కింది. ఆ రోజు సెలవులో ఉన్న మల్లిక, అక్కకు కాస్త పని తగ్గుతుందని గదీ గడపా ఊడ్చి నీళ్ళు చల్లింది. సాయంత్రం ఆ తడి గడప చూసి వీరవేణి వంగి, చెరిగిన అడుగుల జాడ కోసం వెతికింది.

రెండు రోజులకే కబురొచ్చింది. పొరుగు దేశపు గస్తీవాళ్ళు పడవను పట్టుకున్నారు. పడవ యజమాని, అంటే బుల్లబ్బాయికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్, వీరవేణిని కూర్చోబెట్టి వచ్చీరాని హిందీలో చెప్పాడు. "వాళ్ళ పడవ మనవాళ్ళ దగ్గర ఉంది. దానికి బదులుగా మనది పట్టుకున్నారు. అది వదిలితే ఇదీ వస్తుంది. భయపడకు, పడవకేం కాదు."

గదికి రాగానే వీరవేణి మల్లిక మీద విరుచుకుపడింది.

"ఎవరడిగారే నిన్ను ఊడవమని? ఆయన అడుగులు నీకేటడ్డొచ్చాయే?"

"నాకేం ఎర్క అక్కా! మా దిక్కు పొద్దుగాల వాకిలి ఊడ్వకుంటెనే పాపమంటరు."

"మీ దిక్కు సముద్రముందేటే? బోరు నీళ్ళు తాగే ఊరు మీది!"

"మీరేమన్న ఉప్పునీళ్ళు తాగుతరా?" అనేసి మల్లిక నాలుక కరుచుకుంది.

ఆనాటి నుంచి ఒకే స్టవ్ మీద రెండు వంటలు. ఒకరు తింటుంటే ఇంకొకరు గోడవైపు తిరిగి పడుకునేవారు.

చలి తగ్గే రోజుల్లో ఇండియన్ స్కూలు పిల్లలు కోట చూడ్డానికి వచ్చారు. గైడు హిందీలో చెబుతున్నాడు. పోర్చుగీసువాళ్ళు ఈ కోటలో ఉన్న కాలంలో వాళ్ళ అనుమతి చీటీ లేకుండా ఈ సముద్రంలో తిరిగిన ఓడను పట్టుకునేవారట. ఆ తర్వాత డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. అందరికీ కావలసింది ఈ సముద్రపు వర్తకమే. అక్కడ వాళ్ళ దేశాల్లోనైతే, ఓడ పోగొట్టుకున్న వర్తకుడికి రాజే చీటీ రాసిచ్చేవాడట, అవతలి రాజ్యం ఓడ ఏది దొరికినా పట్టుకుని నష్టం తీర్చుకొమ్మని. అలా రాజులకూ రాజులకూ పగలు ముదిరేవి.

నేల తుడుస్తున్న వీరవేణి లేచి నిలబడింది. ఆమె అక్కడ నోరు విప్పడం అదే మొదలు.

"భాయ్, ఓడ సరే. అందులో పని చేసేవాళ్ళేమయ్యేవారు?"

గైడు గోడ మీది బోర్డువైపు చూశాడు. "వాళ్ళ గురించి ఇందులో లేదు," అని పిల్లల్ని పక్క గదిలోకి నడిపించాడు.

ఆ సాయంత్రం వీరవేణి చేపల పులుసు పెట్టి, ముందు మల్లిక కంచంలో వడ్డించింది.

"మాట్లాడవా అక్కా?"

"తిను ముందు. ఉప్పెక్కువైతే సెప్పు."

ఎండలు ముదిరాక రెండు దేశాలూ రాజీకొచ్చాయి. ఇక్కడి పడవ అటు వెళ్ళింది, అక్కడి పడవ ఇటు వచ్చింది. వీరవేణి, మల్లిక కలిసే రేవుకు వెళ్ళారు. కఫీల్ పడవ చుట్టూ తిరిగి చెక్కలు తట్టి చూసుకుంటున్నాడు. దిగినవాళ్ళలో బుల్లబ్బాయి లేడు. అతని ఊరివాడు సాయిబాబు వచ్చి, ఆమె ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"వల కొట్టుకుపోయింది వదినా. పోతే పోనీ అన్నాం. 'కొట్టుకుపోయిన వలని గంగమ్మకొదిలేసి వచ్చినోడు మనోడేనేట్రా' అని మా బుల్లబ్బాయన్న దాని ఎనకాలే పడవ పోనిచ్చాడు. ఆ నీళ్ళలో దేశాల మధ్య గీతుందని మాకేటి తెలుసు! ఆళ్ళు మమ్మల్ని పెట్టిన గదిలో మొన్నో రాత్రి గుండె పట్టేసిందన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే..."

శవాన్ని అటునుంచి అటే ఇండియా పంపడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నారట.

మల్లిక అక్కడే కూలబడింది. "నా వల్లనే అక్కా, నేనే ఊడ్సిన..."

వీరవేణి ఆమెను రెక్క పట్టి లేపింది. "లే. నీ సీపురికంత బలముంటే, సముద్రం మీద ఆ గీతే సెరిపేసేదానివి."

పల్లెలో దహనం జరిగిన రోజు వీరవేణికి సెలవు దొరకలేదు.

ఇప్పుడా పడవ వేరే మనుషులతో వేటకు వెళ్తోంది. వీరవేణి ఇంకా కోటలోనే పని చేస్తోంది.