ఇంకొక్క మట్టు

నయాపైసలింకా రాని రోజులు. వేంపల్లె దగ్గర ముగ్గురాయి గని తవ్వే చిన్న కంపెనీలో మా పెదనాయన, ఆయన్ను నమ్మి నేను, వేరుశనగలమ్మిన డబ్బుతో వాటాలు కొన్నాం. మూడేళ్లు తవ్వినా రాయి తగల్లేదు. అమ్మేద్దామంటే ఆయనది ఒకటే మాట.

"తొందరేందిరా? ఇంకొక్క మట్టు పోనీ, పడతాది."

మట్టంటే నిలువెత్తు లోతు. చేలో బావి తవ్వించినప్పుడూ ఇదే మాట. ఆ బావిలో ఈనాటికీ చుక్క నీరు లేదు.

ఒకరోజు గనిలో నీళ్లు ఉబికి పని ఆగిపోయింది. వాటాదారులంతా గట్టు మీద లబోదిబోమంటుంటే, పెదనాయన బొక్కెనతో నీళ్లు తోడించి, దోసిలిపట్టి తాగి, కళ్లు తుడుచుకున్నాడు.

"నేను చెప్పలే? పడినాయి, శానా తియ్యగుండాయి! టెంకాయ పట్టుకరాపో!"